మా ఆవిడకి నొప్పులండి

ముప్పై నాలుగేళ్ళు పాలకొల్లులో ఒక మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డాను. నిలబడ్డాను అని మాటవరసకి అనడం లేదు. మా షాపులో కుర్చీ ఒకటే ఉండేది, అది యజమానిది. కాబట్టి నొప్పుల గురించి రాసే అర్హత నాకు రెండు విధాలా ఉంది. ముప్పై నాలుగేళ్ళు వాటికి మందులిచ్చాను, పదిహేనేళ్ళుగా నా నడుముకి నేనే మింగుతున్నాను.

చదివింది ఫార్మసీ డిప్లొమా. కానీ ఊళ్ళో నన్ను ఫార్మసిస్టు అన్నవాడు ఒక్కడూ లేడు. మందుల షాపులో తెల్లచొక్కా వేసుకుని కనబడితే మా వైపు వాడు డాక్టరు గారే. కొత్తలో "నేను డాక్టర్ని కాదండి" అని చెప్పేవాణ్ణి. "ఆయ్, అలాగేనండి డాక్టరు గారూ" అనేవారు. రెండేళ్ళకి విసుగొచ్చి చెప్పడం మానేశాను.

ఇది రాయడానికి కారణం మా మేనకోడలు హర్షిత. ఫార్మసీ చదివి, ఫోన్లో మందులమ్మే కంపెనీలో చేరింది. మనుషుల్ని చూడక్కర్లేని ఉద్యోగం. చీటీ ఫొటో కంప్యూటర్లోకి వస్తుంది, అది సరిగా ఉందో లేదో చూసి మందు పంపాలి. "మావయ్యా, మాకు వచ్చేవాటిలో నొప్పుల చీటీలే ఎక్కువ. నెలనెలా అవే పేర్లు, అవే మందులు. మీ రోజుల్లో ఎలా ఉండేదో మా బ్యాచ్ వాళ్ళకి రాసిపెట్టండి" అంది. లైసెన్సులూ, ఇన్‌స్పెక్షన్లూ, స్టాకు రిజిస్టర్లూ మీకు కాలేజీలో చెప్పే ఉంటారు, అవి వదిలేస్తున్నాను. నేను రాసేదాంట్లో సగం నా తప్పులే.

మూడు మెట్లు

మా షాపు రోడ్డు మీంచి మూడు మెట్లు ఎత్తు. గట్టి వాన కురిస్తే మా వీధి కాలవ పొంగి నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చేవి, అందుకని అలా కట్టారు. ఒక్కో మెట్టూ జానెడున్నర ఎత్తు. మోకాళ్ళ నొప్పికి మందు కావాలంటే ముందు ఆ మెట్లు ఎక్కి రావాలి. ఎక్కగలిగినవాడికి మందుతో పనిలేదు, మందు కావలసినవాడు ఎక్కలేడు. ఈ సంగతి ముప్పై ఏళ్ళు ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

మా యజమాని వెంకటరత్నం గారు తాతల నాటి నుంచీ వర్తకం చేసే కుటుంబంలోని మనిషి. పచారీ కొట్టు తీసేసి మందుల కొట్టు పెట్టారు. ఫార్మసీ చదవలేదు గానీ, మనిషి మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే సగం జబ్బు చెప్పేసేవారు.

"కుడి మోకాలయ్యా. చూడు, ఎడం కాలే ముందు పైకి పెడుతున్నాడు."

ఆ మనిషి పైకి వచ్చి, రొప్పు తీర్చుకుని, "కుడి మోకాలండి" అనేవాడు. నేను నోరు వెళ్ళబెట్టేవాణ్ణి. "చీటీ డాక్టరు గారు రాస్తారు. అది చదవడానికి నువ్వున్నావు. మనిషిని చదవడానికి నేనున్నాను" అనేవారు వెంకటరత్నం గారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య అదే, మందు తీసే ముందు తలెత్తి మనిషిని చూడడం.

ఓ రిటైర్డ్ హెడ్మాస్టారు ఒకసారి, పట్టుకోవడానికి మెట్ల పక్కన కడ్డీ వేయించమని అడిగారు. వెంకటరత్నం గారు వారం రోజులు ఆలోచించి, వసారా దూలానికి కొబ్బరి తాడు ఒకటి వేలాడదీయించారు. జనం అది పట్టుకుని ఊగుతూ ఎక్కడం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా మోకాళ్ళ నొప్పులవాళ్ళకి భుజాల నొప్పులు కూడా పట్టుకున్నాయి. హెడ్మాస్టారే మొదటి బాధితుడు. మర్నాడే తాడు తీయించేశారు.

ఆ మెట్లు ఎక్కి వచ్చేది ఎక్కువగా మగవాళ్ళే. ఆడవాళ్ళు కింద రిక్షాలో, తర్వాత రోజుల్లో ఆటోలో కూర్చునేవారు. అంతకన్నా ఎక్కువమంది అసలు ఇంట్లోనే ఉండిపోయేవారు. భర్త ఒక్కడే పైకి వచ్చేవాడు.

"మా ఆవిడకి నొప్పులండి."

"ఎక్కడండి?"

"అంటే... ఒంట్లోనేనండి."

"ఎన్నాళ్ళ నుంచండి?"

"ఎప్పట్నుంచో ఉన్నాయిలెండి."

"ఎక్కువగా ఉన్నాయా?"

"ఏదో, మామూలేనండి."

అదే మనిషిని తన నడుము సంగతి అడిగితే పావుగంట చెప్పేవాడు. ఏ బస్తా ఎత్తుతుంటే పట్టేసిందో, ఆ వేళ ఇంట్లో ఏం కూరో, పక్కన నిలబడి చూస్తున్నది ఎవరో, ఏదీ వదిలేవాడు కాదు. ఓసారి తణుకు నుంచి వచ్చిన ఒకాయన్ని నేను గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన విసుక్కుని, మెట్ల మీంచే బజారంతా వినబడేలా "ఏమేవ్, నొప్పి ఎక్కడే?" అని కేకేశాడు. ఎదురు బట్టల కొట్టు వాళ్ళూ, పక్క కాఫీ హోటలు వాళ్ళూ రిక్షాలో ఉన్నావిడ వైపు తిరిగారు. ఆవిడ మాత్రం ఏం చెబుతుంది? "తగ్గిపోయిందండీ" అంది.

సెట్టు

ఇప్పుడు నా తప్పుల్లో పెద్దది చెబుతాను. "సెట్టు" అన్న మాట మీ పుస్తకాల్లో ఉండదు. కాగితం పొట్లంలో మూడు విడి మాత్రలు, తెల్లదొకటి, పచ్చదొకటి, గులాబీ రంగుదొకటి. ఒకటి నొప్పికి, ఒకటి వాపుకి, మూడోది స్టెరాయిడు. చీటీ అక్కర్లేదు. ఊడ్పుల రోజుల్లో పొద్దస్తమానం వంగి నాట్లు వేసినవాళ్ళు సాయంత్రం ఒక సెట్టు వేసుకుంటే, మర్నాడు మళ్ళీ వంగగలిగేవారు. ఆ రోజుల్లో చాలామంది ఇచ్చేవారు. అందరూ ఇచ్చారు కదా అని నేనూ ఇచ్చాను. అది సంజాయిషీ కింద చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను.

సూరిబాబు అని ఒక కూలీ రోజు విడిచి రోజు వచ్చేవాడు. నవ్వుమొహం, మర్యాదైన మనిషి. "మా ఆవిడకి ఓ సెట్టండి డాక్టరు గారూ" అనేవాడు. ఇచ్చేవాణ్ణి. అలా రెండేళ్ళు ఇచ్చాను. ఆ రెండేళ్ళలో ఆ ఆవిడ మొహం చూడలేదు, పేరు అడగలేదు.

ఒకరోజు ఆవిడే వచ్చింది, సూరిబాబు భుజం పట్టుకుని. మొహంలో చుక్క రక్తం లేదు. మొదటి మెట్టు మీదే కూలబడిపోయింది. మూడు రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోందని సూరిబాబు చెప్పాడు. కడుపులో పుండు పడి లోపల రక్తం కారుతోందని అర్థమైంది. వెంకటరత్నం గారు తన కారులోనే పెద్దాసుపత్రికి పంపించారు. దేవుడి దయ వల్ల బతికింది. ఆవిడ పేరు నూకాలమ్మ అని ఆసుపత్రి కాగితం మీద చదివాకే నాకు తెలిసింది.

ఆ సాయంత్రం వెంకటరత్నం గారు నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి ఇస్తున్నావు?"

"రెండేళ్ళ నుంచండి."

"ఒక్కసారైనా ఆమెని చూశావా?"

"లేదండి."

"నేనూ చూళ్ళేదు" అన్నారాయన. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాటి నుంచి మా షాపులో సెట్టు బందైపోయింది. కొత్త రూలు వచ్చింది. నొప్పి ఎవరిదో ఆ మనిషి నోటితో చెబితేనే మందు. ఆవిడ రిక్షాలో ఉంటే మనమే దిగి వెళ్ళి అడగాలి. "మనమే" అని ఆయన గౌరవంగా అన్నారు గానీ, దిగేది నేను. రోజుకి ముప్పై నలభైసార్లు ఆ మూడు మెట్లూ దిగి ఎక్కాను. నా నడుము నొప్పికి పునాదిరాయి పడింది అప్పుడే. కానీ రిక్షా పక్కన నిలబడి మెల్లగా అడిగితే ఆడవాళ్ళు ఎంత వివరంగా చెబుతారో, మగవాళ్ళు తెచ్చిన కబురుకీ దానికీ ఎంత తేడా ఉంటుందో అప్పుడే తెలిసింది.

మందే నడిచి రావడం

నేను రిటైరయ్యే నాటికి మందులు గుమ్మంలోకి రావడం మొదలైంది. మందుల షాపుల వాళ్ళంతా ఒక సభ పెట్టి దుమ్మెత్తి పోశారు. పెద్దవాణ్ణని నన్నూ మాట్లాడమన్నారు. "మోకాళ్ళ వాళ్ళ చేత ముప్పై ఏళ్ళు మెట్లెక్కించాం. ఇప్పుడు మందే వాళ్ళింటికి నడిచి వెళ్తోంది. ఏడవడం దేనికండి?" అన్నాను. ఆ తర్వాత నన్ను ఏ సభకీ పిలవలేదు.

వీడియోలో డాక్టర్ని చూడడం కూడా అంతే. రోజూ నొప్పితో బతికే మనిషికి ప్రయాణమే సగం జబ్బు. మా ఊరి నుంచి కీళ్ళ డాక్టర్ల కోసం గోదావరి దాటి కాకినాడ వెళ్ళాలి. ఆ రోడ్డు మీద బస్సులో వెళ్తే లేని కీళ్ళు కూడా నొప్పి పెడతాయి. అక్కడ మూడు గంటలు బెంచీ మీద కూర్చుని, లోపలికి వెళ్ళి నాలుగు నిమిషాలు మాట్లాడి, మళ్ళీ అదే బస్సు. ఇంట్లో కూర్చుని డాక్టరుతో మాట్లాడడం వరమే.

అయితే వరాలకీ తిరకాసులుంటాయి. నా నడుము కోసం నేనూ ఒక వీడియో డాక్టర్ని పట్టాను. "ముందుకి వంగండి" అన్నారాయన. వంగాను. లేవలేకపోయాను. లేచే ప్రయత్నంలో చెయ్యి తగిలి బల్ల మీది ఫోను వెల్లకిలా పడింది. "మాస్టారూ, నాకు ఫ్యాను కనబడుతోందండి. మీరెక్కడున్నారు?" అంటున్నారు డాక్టరు గారు. "దాని కిందే ఉన్నానండి" అన్నాను. మా ఆవిడ పెరట్లోంచి వచ్చి నిటారుగా నిలబెట్టేదాకా మా సంభాషణ ఆ విధంగానే సాగింది.

ఒక మాట గట్టిగా చెబుతాను. కొన్ని గట్టి నొప్పి మందులు తెర మీద చూసి రాయడానికి చట్టం ఒప్పుకోదు. మీలో కొందరు దీన్ని పాత చింతకాయ పచ్చడి అంటున్నారని విన్నాను. సెట్లు ఇచ్చినవాణ్ణి నేను. నొప్పి మందు సులువుగా దొరికితే ఏమవుతుందో నాకు తెలుసు, నా ఓటు చట్టానికే. కానీ మంచం మీంచి లేవలేని కాన్సరు మనిషి కోసం ఇంటివాళ్ళు అదే మందు పట్టుకుని ఊళ్ళు తిరగడం కూడా చూశాను. ఈ రెండిటికీ మధ్య దారి మా తరం వెయ్యలేకపోయింది. మీ తరమైనా వెయ్యాలి.

ప్రకాశం గారి చార్టు

మా పక్కిల్లు ప్రకాశం గారిది. నీటిపారుదల ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య మార్తమ్మ గారు లేసు అల్లుతుంది. చిన్నప్పుడు చర్చి పక్కన మిషను బడిలో నేర్చుకుంది. నలభై ఏళ్ళుగా ఆవిడ చేతిలో సూదీ దారం లేకుండా చూసినవాళ్ళు లేరు. వీధిలో ఆడపిల్లలకి నేర్పుతుంది కూడా. నన్ను "అన్నయ్య గారూ" అంటుంది. దాంతో ప్రకాశం గారు నన్ను "బావగారూ" అని వేళాకోళమాడే హక్కు సంపాదించుకున్నారు.

మూడేళ్ళ కిందట మార్తమ్మ గారి చేతి వేళ్ళకి కీళ్ళవాతం పట్టుకుంది. వయసుతో వచ్చే అరుగుదల కన్నా ఇది మొండి జబ్బు. సరైన మందు సరైన మోతాదులో పడకపోతే వేళ్ళు వంకరపోతాయి, పోయాక తిరిగి రావు. లేసు అల్లే మనిషికి ఇంకేం మిగులుతుంది? కాకినాడలో ఒక కీళ్ళ డాక్టరమ్మ స్వయంగా చూసి మందు మొదలుపెట్టింది. "ప్రతిసారీ ఇంత దూరం రాకండి. నెలకోసారి వీడియోలో మాట్లాడదాం, చెప్పినప్పుడు రక్తపరీక్ష చేయించండి" అంది. మంచి డాక్టరు, ఓపిక గల మనిషి.

ఆ రోజుతో ప్రకాశం గారికి మళ్ళీ ఉద్యోగం వచ్చింది. మందులు తెప్పించడం, పార్సిలు విప్పడం, తేదీలు సరిచూడడం, అంతా ఆయనే. ఒకసారి మాత్రల అట్ట నలిగి వచ్చింది. కంపెనీ వాళ్ళ చాట్‌లో "హాయ్! మీకెలా సాయపడగలను?" అని వస్తే, ఈయన "అయ్యా, విషయము: మాత్రల అట్ట నలిగి వచ్చుట గురించి. సూచిక: తమరు పంపిన పార్సిలు" అని మొదలుపెట్టి "చిత్తగించవలెను" అని ముగించారు. అవతల జవాబిచ్చేది యంత్రమండీ అని చెప్పాను. "అయినా మర్యాద మర్యాదే కదండి బావగారూ" అన్నారు.

వంటింటి తలుపు మీద ఒక చార్టు వెలిసింది. నాలుగు రంగుల ఇంకులు, అడ్డగీతలు, నిలువుగీతలు. మార్తమ్మ గారు మాత్ర మింగగానే ఎదురుగా గడిలో ఆయన పొట్టి సంతకం పడేది. మందు మింగడం ఆవిడ వంతు, ధ్రువీకరించడం ఆయన వంతు.

ఇక వీడియో రోజున ఆ ఇంట్లో హడావుడి చూడాలి. డాక్టరమ్మ చూస్తుందని మార్తమ్మ గారు స్నానం చేసి, ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, పౌడరు రాసుకుని కూర్చునేది. ప్రకాశం గారు ఎదురుగా లైటు పెట్టేవారు. తెర మీద ఆవిడ మొహం కళకళలాడుతూ కనబడేది, చేతులు మాత్రం కొంగు కింద ఉండేవి. పెద్దమనిషి తరహాగా పక్కన ఉండమని నన్ను కూడా పిలిచేవారు.

"ఎలా ఉన్నారమ్మా?" అని అడిగింది ఒకసారి డాక్టరమ్మ.

"బానే ఉందండి" అన్నారు ప్రకాశం గారు.

"పొద్దున్న లేవగానే వేళ్ళు బిగుసుకుంటున్నాయా?"

"అబ్బే, లేదండి. ఐదింటికల్లా చక్కగా లేచిపోతుందండి" అన్నారు ప్రకాశం గారు.

"నొప్పి ఎంతుందో పదికి ఒక అంకె చెప్పండమ్మా. సున్నా అంటే అసలు లేదు, పది అంటే భరించలేనంత."

మార్తమ్మ గారు నోరు తెరిచింది. ఈలోపల ప్రకాశం గారు బెండకాయల బేరం తెగ్గొట్టినట్టు "రెండేసుకోండి" అన్నారు.

డాక్టరమ్మ సంతోషించి అసలు మందు మోతాదు తగ్గించింది. నేను పక్కనే ఉన్నాను. నూకాలమ్మని చూసినవాణ్ణి, రోజుకి నలభైసార్లు మెట్లు దిగినవాణ్ణి, కిక్కురుమనలేదు. భార్యాభర్తల మధ్య మనమెందుకులే అనుకున్నాను. రిటైరైతే మనిషికి బుద్ధి కూడా రిటైరవుతుంది కాబోలు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం మార్తమ్మ గారు మా ఇంటికి గోంగూర తెచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే చూశాను. చెప్పు పట్టీ అచ్చు పాదం మీద లోతుగా పడి ఉంది.

"పాదాలు వాచాయేంటమ్మా?"

"ఎండలకండి అన్నయ్య గారూ."

ఎండలకి వాచే పాదాలు అలా ఉండవు. గోంగూర అక్కడే పెట్టి వాళ్ళింటికి వెళ్ళి చార్టు ముందు నిలబడ్డాను. అందులో నొప్పి మాత్రలు రెండు వరసల్లో ఉన్నాయి. పేర్లు వేరు, పెట్టెలు వేరు, లోపల మందు ఒకటే. అది కూడా డాక్టరమ్మ "నొప్పి ఎక్కువైన రోజున మాత్రమే" అని రాసిన మాత్ర. ఒక నెల కంపెనీ వాళ్ళ దగ్గర అసలు పేరుది లేక, ఇంకో పేరుది పంపారు. ప్రకాశం గారు అది డాక్టరమ్మ కొత్తగా రాసిన మందనుకుని చార్టులో కొత్త వరస గీశారు. మరుసటి నెల పాతదీ వచ్చింది, కొత్తదీ వచ్చింది. రెండూ రోజూ పడుతున్నాయి.

"ప్రకాశం గారూ, ఈ రెండూ ఒకటేనండి."

"ఎలా అవుతాయండి? ఇది నీలం పెట్టె, ఇది ఆకుపచ్చ పెట్టె."

"వెనకాల చిన్న అక్షరాలు చదవండి."

కళ్ళజోడు పెట్టుకుని ఒకటి చదివారు. రెండోది చదివారు. మళ్ళీ మొదటిది చదివారు. తర్వాత చార్టు దగ్గరికి వెళ్ళి గడులు లెక్కపెట్టారు. నలభై గడులు. "అన్నిటికీ నేనే సంతకం పెట్టాను బావగారూ" అని ముక్కాలి పీట మీద కూర్చుండిపోయారు. ఆ మనిషిని వేళాకోళం చెయ్యడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు.

డాక్టరమ్మకి ఫోను చేశాం. రెండూ తక్షణం ఆపించి రక్తపరీక్ష చేయించింది. కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. "ఇప్పుడు ఆపారు కాబట్టి కోలుకుంటాయి. ఇంకో నెల ఇలాగే సాగి ఉంటే నేను చెప్పలేను" అంది.

తప్పు ఎవరిదని మీరు అడుగుతారు. పేరు మార్చి పంపి, ఫలానా మందుకి బదులు ఇదని ఫోను చేసి చెప్పని కంపెనీది కొంత. చార్టుది కొంత. పక్కన కూర్చుని గుడ్లప్పగించి చూసిన నాది ఇంకా ఎక్కువ. హర్షితా, రేపు మీ కంప్యూటర్లు ఒకే మందు రెండు పేర్లతో వెళ్తే పట్టేసుకుంటాయి, అది నాకు నమ్మకమే. కానీ చీటీ మీద ఒక పేషెంటు పేరుంటుంది చూడండి, ఆ పేరున్న మనిషి గొంతు మీలో ఒక్కరైనా విన్నారా? ఫోను చేస్తే "మా ఆవిడకి నొప్పులండి" అనే గొంతే వస్తుంది. వినండి, నమస్కారం పెట్టండి. "ఆవిడకి ఒకసారి ఫోనివ్వండి" అనండి. మీ ఉద్యోగంలో మెట్లు దిగడమంటే అదే, నడుము కూడా పట్టదు.

మంచినీళ్ళు

రెండు వారాలకి రక్తపరీక్ష మామూలుకి వచ్చింది. మళ్ళీ వీడియో రోజు వచ్చింది. ఈసారి డాక్టరమ్మ తేల్చుకోవలసింది పెద్ద విషయం. వేళ్ళ జబ్బు నిజంగా అణిగి ఉంటే చిన్న మోతాదే చాలు. అణగకపోతే గట్టి మందు మొదలుపెట్టాలి, ఆలస్యమైతే వేళ్ళు దక్కవు. అదంతా మార్తమ్మ గారు చెప్పే జవాబు మీద ఉంది. ఆవిడ జవాబు ప్రకాశం గారి దగ్గర ఉంది.

తెల్లచీర, పౌడరు, లైటు, అన్నీ మామూలే. డాక్టరమ్మ తెర మీదకి రాగానే నేను దగ్గాను.

"ప్రకాశం గారూ, గొంతు ఆరిపోతోందండి. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా? కుండలోవి."

కుండ పెరటి వసారాలో ఉంటుంది. ఆయన అయిష్టంగా లేచారు. "నేనొచ్చేదాకా మొదలెట్టకండేం" అని డాక్టరమ్మకి చెప్పి మరీ వెళ్ళారు.

ఆయన గది దాటగానే నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. "అమ్మా, మొహం చూసి మోసపోకండి. ఈవిడ చేతులు చూడండి" అని, కొంగు పక్కకి జరపమని మార్తమ్మ గారికి సైగ చేశాను. డాక్టరమ్మ ఒక్క క్షణం చూసింది.

"లేసు అల్లుతారటగా అమ్మా? కాస్త అల్లి చూపిస్తారా?"

మార్తమ్మ గారు నా వైపు చూసింది. బల్ల మీద బుట్టలోంచి సూదీ దారం తీసింది. దారం వేలికి చుట్టబోతే జారిపోయింది. మళ్ళీ చుట్టింది. సూది రెండు వేళ్ళ మధ్య నిలవలేదు. మూడోసారి సూది కింద పడింది. వంగి తీసుకుంది. నాలుగోసారి ప్రయత్నించకుండా రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"అల్లి ఎన్నాళ్ళయిందమ్మా?"

"నాలుగు నెలలైందండి. పిల్లలకి చేత్తో చూపించడం మానేశానండి. నోటితో చెబుతున్నాను."

"పొద్దున్న లేవగానే ఎలా ఉంటుంది?"

"గంటన్నరసేపు వేళ్ళు నావి కావండి. అందుకే ఐదింటికే లేస్తానండి, ఈయన లేచి కాఫీ అడిగేసరికి వేళ్ళు దారికొస్తాయని."

తర్వాత డాక్టరమ్మ ఏమీ అడగలేదు. అడగవలసిన అవసరం రాలేదు. మార్తమ్మ గారు కట్ట తెగిన కాలవలా చెప్పుకుపోయింది.

"సీసా మూత తియ్యలేనండి. పిన్నీసు పెట్టుకోలేను, పక్కింటి వదిన గారి చేత పెట్టించుకుంటాను. బట్టలు పిండలేక నీళ్ళోడుతూనే ఆరేస్తున్నానండి. బనీన్లు ఆరట్లేదని ఈయన రోజూ వాతావరణాన్ని తిడతారు. చర్చిలో పాటల పుస్తకం పేజీ తిప్పలేక, పాట వచ్చినట్టు కళ్ళు మూసుకుని పాడేస్తున్నానండి. అందరూ నాకు భక్తి ఎక్కువైందంటున్నారు."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది, మార్తమ్మ గారు కూడా నవ్వింది. నవ్వుతూనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది, మణికట్టుతో. ఆ పిన్నీసు పెట్టే వదిన గారు మా ఆవిడే. పక్కిల్లే మాది. గోడకి ఇవతల ఉండి ఇందులో ఒక్క ముక్క నాకు తెలియదు.

"ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా ఇదంతా?" అంది డాక్టరమ్మ.

"అడిగితే చెబుదును కదండి."

అప్పుడు తలెత్తి చూశాను. గ్లాసుతో ప్రకాశం గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. గ్లాసు నాకివ్వలేదు, కుర్చీ దగ్గరికి రాలేదు. ఆసుపత్రిలో అయితే ఈ మాటలు ఆయన చెవిన పడేవి కావు, బయట బెంచీ మీద కూర్చుని ఉండేవారు.

డాక్టరమ్మకి ఆయన కనబడడం లేదు. "సరేనమ్మా. వేళ్ళు ఇంకా వంకరపోలేదు, మనకి టైముంది. మందు పెంచుతున్నాను, ఇంకోటి కలుపుతున్నాను. మళ్ళీ పదిరోజులకి రక్తపరీక్ష. కొన్ని వారాల్లో తేడా తెలియాలి. అప్పటిదాకా ఆ చేతులకి బరువు పని వద్దు. పిండడాలూ, మూతలు తియ్యడాలూ, పిండి కలపడాలూ ఏవీ చెయ్యకూడదు. రాసుకుంటున్నాను చెప్పండి, ఇంట్లో సాయానికి ఎవరున్నారు?"

మార్తమ్మ గారు ఆలోచించింది. అబద్ధం చెప్పకూడదని నిజంగానే ఆలోచించింది. ఆ ఆలోచించడం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

"ఎవరూ లేరండి" అంది, ఇంట్లో కరివేపాకు అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

గుమ్మం దగ్గర గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. ప్రకాశం గారు లోపలికి వచ్చి, భార్య కుర్చీ వెనక నిలబడి, తెర మీద తన మొహం కనబడేలా వంగారు.

"నేనున్నానండి డాక్టరు గారూ. ప్రకాశం. రాసుకోండి."